పులి చారలు – కంప్యూటరు కండ్లు – మా తాత కండ్లు



పోయిన సెలవుల్లో మా తాత నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. మా గూడెం ఆళ్లగడ్డ అవతల నల్లమల అంచున ఉన్నది. మా తాత చాలా ఏండ్లు అడవిలో పులి జాడలు చూసే పని చేసినాడు. "ఏం రా, ఇప్పుడు పులిని కంప్యూటరే గుర్తుపడుతుందంట గదా! ఇంక మా అసుమంటోళ్లతో పనేముంది?" అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలకు వస్తా ఉంటే కుడి పక్కన కొండలు కనపడినంత సేపూ అదే ఆలోచన. హాస్టలుకు వచ్చినాక సైన్సు సారును అడిగి, చదివి తెలుసుకున్నది మీకు రాస్తున్నాను.

పాత లెక్క

పూర్వం పులులను అడుగు జాడలతో లెక్కపెట్టేవారు. జాడ మీద అద్దం పెట్టి గీసేవారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవారు. అయితే ఒకే పులి జాడ తడి మట్టిలో ఒక తీరుగా, ఇసుకలో ఇంకొక తీరుగా పడుతుంది. కావున ఒక్క పులినే రెండుగా లెక్కవేసే ప్రమాదం ఉన్నది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో కాగితం మీద పులులు ఉన్నాయి గానీ, అడవిలో ఒక్కటి కూడా లేదని 2005 నాటికి బయటపడింది. తప్పుడు లెక్క వలన ఎంత నష్టమో చూడండి. ఆ తర్వాత 2006 నుండి నాలుగేండ్లకు ఒకసారి ప్రభుత్వం కొత్త పద్ధతిలో లెక్క తీస్తున్నది.

కొత్త లెక్క

అడవి దారికి రెండు పక్కలా మోకాలి ఎత్తున రెండు కెమెరాలు కడతారు. ఎదురుగా వేడి శరీరం కదిలితే కెమెరా తనంతట తానే ఫోటో తీస్తుంది. రెండు ఎందుకంటే, పులికి కుడి పక్క చారలు ఒక తీరు, ఎడమ పక్క చారలు ఇంకొక తీరు. మన వేలిముద్రల మాదిరి ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు.

2018 లెక్కలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు కట్టినారు. వచ్చిన ఫోటోలు 3,48,58,623. అందులో పులి ఫోటోలు 76,651 మాత్రమే. అంటే సుమారు 455 ఫోటోలు చూస్తే ఒక పులి! ఒక మనిషి నిద్ర లేకుండా సెకనుకు ఒక ఫోటో చూసినా 400 రోజులు దాటుతుంది. ఇక్కడే కృత్రిమ మేధ పనికి వచ్చింది.

ఒకటో తరగతి పిల్లలకు బొమ్మలు చూపి "ఇది ఆవు, ఇది జింక" అని నేర్పుతాము గదా. అట్లే కంప్యూటరుకు ముందుగా పేర్లు రాసిన ఫోటోలు వేల కొద్దీ చూపిస్తారు. తరువాత కొత్త ఫోటో ఇస్తే అది ఏ జంతువో తానే వేరుచేస్తుంది. ఇది మొదటి పని.

రెండవ పని వెదకడం. మన వార్డెన్ సారు రిజిస్టరులో మన పేరు వెదికినట్లు, ఇంకొక ప్రోగ్రాము కొత్త పులి చారలను పాత పులుల చారలన్నిటితో పోల్చి చూస్తుంది. పులి వంగి ఉన్నా, పక్కకు తిరిగి ఉన్నా చారలను సరిచేసి పోలుస్తుంది. దగ్గరగా ఉన్నవి తీసి ముందర పెడుతుంది. చివరకు "అవును, ఇదే పులి" అని తేల్చేది మాత్రం మనిషే. ఆ ఏడాది ఈ విధంగా 2,461 పులులను విడివిడిగా గుర్తించినారు. కెమెరాకు చిక్కనివి కూడా అంచనా కట్టి మొత్తం 2,967 అన్నారు. 2022 అంచనా 3,682.

మన జిల్లాలో జరిగినది

2023 మార్చిలో మన నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు దొరికినాయి. తల్లి టి-108 అని అధికారులు చెప్పినారు. అది పులికి ఇచ్చిన గుర్తు నంబరు. తల్లి దగ్గరకు చేర్చాలని కెమెరాలు పెట్టినారు, మనుషులు అడవిలో వెదికినారు. తల్లి రాలేదు. కూనలను తిరుపతి జూకు పంపినారు. పులికి నంబరున్నంత మాత్రాన అది కావాల్సినప్పుడు మన చేతికి దొరకదు.

తాతకు జవాబు

ఈ సంగతులు ఫోనులో చెబితే మా తాత నవ్వినాడు. "మొదటిసారి కెమెరా కట్టినప్పుడు తప్పు చేసింది నేనే. ఎదురుగా బోద గడ్డి ఉండాది. ఎండకు కాగి, గాలికి ఊగితే అంతా గడ్డి ఫోటోలే పడినాయి. తరువాత వంక మలుపులో, పులి నేలను గీరి పోయే చోట కట్టినాము. మూడో రోజే దొర వచ్చినాడు" అన్నాడు. కావున మిత్రులారా, కోట్ల ఫోటోలు చూసే కంప్యూటరుకు కూడా కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేది జాడ తెలిసినవాడే. కెమెరాకు చిక్కని పులి ఏ కంప్యూటరుకూ కనపడదు. "నీతో పని ఉంది తాతా" అని చెప్పినాను.

మా అవ్వ ప్రశ్న

మా అవ్వ మాత్రం నవ్వలేదు. "గడ్డలు తవ్వుకోను పోతాము. మా ఫోటో కూడా పడుతుందా?" అని అడిగింది. పడుతుంది. కెమెరాకు పులి అని, మనిషి అని తేడా లేదు. ఉత్తరాఖండ్‌లో కార్బెట్ అడవి పక్కన ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ కట్టెలకు పోయేవారు. ఆ సద్దుకు జంతువులు తప్పుకునేవి. కెమెరాలకు భయపడి ఇప్పుడు నోరు మెదపకుండా పోతున్నారని, అది ప్రాణానికే అపాయమని 2024లో ఒక పరిశోధన తెలిపింది.

పులి ఏ పక్క తిరుగుతున్నదో కెమెరా వలన తెలిస్తే గూడేనికి ముందే చెప్పవచ్చు. అది మేలే. కానీ కెమెరా ఎక్కడ కట్టినారో, మనిషి ఫోటో పడితే ఏమి చేస్తారో కూడా గూడెంలో కూర్చోబెట్టి చెప్పవలెను. పులి కోసం పెట్టిన కన్ను మా అవ్వను భయపెట్టకూడదు. ఇది నా అభిప్రాయం. తప్పయితే పెద్దలు సరిదిద్దగలరు.

గూడేల నుండి వచ్చిన మిత్రులకు ఒక మనవి. మీ పెద్దవాళ్లకు తెలిసిన జాడల సంగతులు అడిగి వచ్చే సంచికకు రాయండి. అవి ఏ కంప్యూటరులోనూ లేవు. వాళ్లు పోతే వాళ్లతోనే పోతాయి.

– 9వ తరగతి విద్యార్థి