ఫైలు దిద్దితే కేసు పోదు: అమెరికా హెల్త్‌కేర్ మోసం కేసుల్లో అపోహలు, వాస్తవాలు

పొద్దున్నే ఇంటి గంట మోగుతుంది. గుమ్మంలో ఇద్దరు ఏజెంట్లు. గొంతు పెంచరు, బెదిరించరు. “మీ క్లినిక్ బిల్లింగ్ గురించి రెండు ముక్కలు మాట్లాడొచ్చా?” అంటారు. వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టే అలవాటు మనకు లేదు. లోపలికి రమ్మంటాం, కుర్చీ చూపిస్తాం, కాఫీ కలుపుతాం. కప్పు ఖాళీ అయ్యేలోపు గుర్తున్నవీ, సరిగ్గా గుర్తులేనివీ కలిపి చెప్పేస్తాం.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబులు నడిపేవాళ్లు ఎందరో ఉన్నారు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో మోసాలపై ప్రత్యేక బృందాలు 2007లో దక్షిణ ఫ్లోరిడాలో మొదలై తర్వాత చాలా నగరాలకు విస్తరించాయి. 2025 జూన్‌లో ప్రకటించిన ఒక్క విడతలోనే 324 మందిపై అభియోగాలు మోపారు. ఇలాంటి కేసుల్లో దోచుకున్నవాళ్లూ ఉంటారు, పొరపాటు పడ్డవాళ్లూ ఉంటారు. ఈ ఇద్దరినీ వేరుచేసే గీత ఎక్కడుందో తెలియక, పొరపాటు పడ్డవాళ్లు మొదటి వారంలోనే తమ కేసును తామే పాడుచేసుకుంటారు. ఇది రాయడానికి కారణం అదే.

“తప్పు చేయనప్పుడు మాట్లాడితే పోయేదేముంది?”

చాలా పోతుంది. ఫెడరల్ ఏజెంటుకు తెలిసి చెప్పిన ముఖ్యమైన అబద్ధం దానికదే నేరం, 5 ఏళ్ల వరకు జైలు. దానికి ప్రమాణం చేయించనక్కర్లేదు, సంతకం పెట్టించనక్కర్లేదు. సినిమాల్లో వినిపించే “మీకు మౌనంగా ఉండే హక్కుంది” అన్న మాట మీ హాల్లో ఎవరూ చెప్పరు. అది అదుపులోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడు చెప్పాల్సింది. మీ సోఫాలో మీరు కూర్చుని ఉంటే మామూలుగా మీరు అదుపులో లేనట్టే. మూడేళ్ల కిందటి పేషెంటును ఎవరు చూశారో జ్ఞాపకం మీద చెప్పిన జవాబు, రికార్డుతో సరిపోకపోతే, అబద్ధంలాగే కనిపిస్తుంది. “మా లాయరుతో మాట్లాడాక చెబుతాను, మీ కార్డు ఇవ్వండి” అని మర్యాదగా అనడం తప్పించుకోవడం కాదు. అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీరు ఉద్యోగి అయితే, మీ ఆసుపత్రి పంపిన లాయరు మీ లాయరు కారు. ఆయన కంపెనీ తరఫు మనిషి. మీరు చెప్పినదాన్ని ప్రభుత్వానికి ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన అప్‌జాన్ తీర్పు తర్వాత కంపెనీ లాయర్లు ఈ సంగతి ముందే చెప్పడం ఆనవాయితీ అయింది. చెప్పినప్పుడు తల ఊపి ఊరుకోకండి, ఆ మాటకు అర్థం అదే.

“కోడ్ తప్పు పడితే జైలే”

కాదు. ఈ కేసులన్నిటికీ గుండెకాయ ఇక్కడే ఉంది. 1996లో వచ్చిన హెల్త్‌కేర్ మోసం చట్టం ఒక్కో అభియోగానికి 10 ఏళ్ల వరకు శిక్ష విధిస్తుంది, పేషెంటుకు తీవ్ర గాయమైతే 20 ఏళ్లు, ప్రాణం పోతే యావజ్జీవం. కానీ “తెలిసి, కావాలని” చేశారని ప్రాసిక్యూటరు సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. 99213 విజిట్ కోడ్ వేయాల్సిన చోట అంతకంటే ఎక్కువ రేటున్న 99214 పడటం పొరపాటు కావచ్చు, నియమం అర్థంకాకపోవడం కావచ్చు, మోసమూ కావచ్చు. కాగితం మీద మూడూ ఒకేలా ఉంటాయి. తేడా మనసులో ఉంటుంది.

మరి మనసును కోర్టు ఎలా చూస్తుంది? చుట్టూ ఉన్న ఆనవాళ్లను బట్టి. డాక్టరు ఇండియా వెళ్లిన మూడు వారాల్లోనూ ఆయనే స్వయంగా చూసినట్టు బిల్లులుంటే, పాస్‌పోర్టు ముద్రలు సాక్ష్యం చెబుతాయి. ఒకే నోటు నలభై మంది ఫైళ్లలో అక్షరం మారకుండా ఉంటే, ఒక్క థెరపిస్టు ఒక్క రోజులో 26 గంటల పని చేసినట్టు లెక్క తేలితే, పొరపాటు అన్న మాట నిలబడటం కష్టం. ఇటువైపు, నియమం అర్థంకాక మెడికేర్ కాంట్రాక్టరుకు రాసిన ఈమెయిలు, సిబ్బందికి ఇప్పించిన కోడింగ్ శిక్షణ, ఎక్కువగా వచ్చిన డబ్బు వెనక్కి పంపిన చెక్కు, తక్కువ రేటు కోడ్ కూడా అంతే తరచుగా పొరపాటున పడిందని చూపే లెక్కలు మీ వైపు సాక్షులు. నిజాయితీగా నమ్మి చేశారని జ్యూరీకి అనిపిస్తే మోసం అభియోగం నిలవదు. ఆ నిజాయితీని రుజువుచేసే బరువు కూడా మీది కాదు.

అయితే 2010లో ఒక సవరణ వచ్చింది. ఫలానా సెక్షన్ ఉందని మీకు తెలియాల్సిన పనిలేదు. “ఆ చట్టం గురించి వినలేదు” అన్న వాదన ఇప్పుడు పనిచేయదు, “ఆ క్లెయిమ్ అబద్ధమని నాకు తెలియదు” అన్న వాదన పనిచేస్తుంది. జైలు తప్పినంత మాత్రాన చేతులు దులుపుకున్నట్టూ కాదు. 1863లో అంతర్యుద్ధ కాలంలో వచ్చిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద సివిల్ దావాకు నిర్లక్ష్యంగా కళ్లు మూసుకున్నా చాలు, నష్టానికి మూడింతలు కట్టాలి. మెడికేర్ నుంచి పొరపాటున ఎక్కువ డబ్బు వచ్చిందని తేలితే మామూలుగా 60 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. తెలిశాక దాచుకోవడమే పొరపాటును మోసం వైపు నెడుతుంది.

“వైద్య నిర్ణయం డాక్టరుది, కోర్టుకేం తెలుసు?”

కెంటకీలోని ఆష్‌లాండ్‌లో రిచర్డ్ పాలస్ అనే హృద్రోగ నిపుణుడి కేసు ఈ ధీమాను పరీక్షించింది. రక్తనాళం పెద్దగా మూసుకుపోకపోయినా మూసుకుపోయిందని రాసి స్టెంట్లు వేశారని అభియోగం. 2016లో జ్యూరీ దోషి అంది. యాంజియోగ్రామ్ చూసి చెప్పేది అభిప్రాయమని, అది అబద్ధం కాజాలదని జడ్జి ఆ తీర్పును కొట్టేశారు. 2018లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. తెరమీద ఒకటి చూసి ఫైల్లో ఇంకొకటి రాస్తే అది అభిప్రాయం కాదు, అబద్ధం అంది.

కథ అక్కడితో ఆగలేదు. ఆసుపత్రి పెట్టుకున్న నిపుణులు ఆయన చేసిన 1,049 కేసులు తిరగేసి, 75 మాత్రమే అనుమానాస్పదమన్నారు. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసు, డిఫెన్సుకు చేరలేదు. నిందితుడికి పనికొచ్చే సాక్ష్యం దాచకూడదన్న నియమం కింద అదే అప్పీలు కోర్టు 2020లో శిక్షను రద్దుచేసి మళ్లీ విచారణ జరపమంది. డిఫెన్సు అంటే ఉపన్యాసం కాదు. ఏ ఫైళ్లను ఎంచుకున్నారు, ఎలా ఎంచుకున్నారు, వదిలేసినవాటిలో ఏముంది అని లెక్కకు లెక్క అడగడమే అందులో సగం పని.

“ప్రైవేటు ఇన్సూరెన్సే కదా, గవర్నమెంటు డబ్బు కాదు”

హెల్త్‌కేర్ మోసం చట్టం ప్రభుత్వ పథకాన్నీ ప్రైవేటు పాలసీనీ వేరుగా చూడదు. ఇది డాక్టర్లకే కాదు, మన ఇళ్లకూ తగిలే మాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మకు ఒంట్లో బాగుండకపోతే, ఇక్కడే ఉన్న పెద్దమ్మ కార్డు చూపిద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. విజిటర్ పాలసీలు పాత జబ్బులకు సరిగ్గా డబ్బివ్వవన్న బాధ నిజమే. కానీ అది మోసమే. ఒక్కసారి వెళ్లినందుకు ఫెడరల్ కేసు పెట్టడం అరుదు, నేరం కాకుండా మాత్రం పోదు. అంతకంటే భయం వేసేది ఇంకొకటి: అమ్మ షుగరు, అమ్మ మందులు, అమ్మ రక్తం గ్రూపు పెద్దమ్మ రికార్డులోకి ఎక్కుతాయి. రేపు పెద్దమ్మను స్పృహలేకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్తే డాక్టరు చూసేది ఆ రికార్డునే.

“నేను జీతానికి పనిచేసేవాణ్ని”

కుట్ర అభియోగానికి వాటా అక్కర్లేదు, తెలిసి చేయి కలిపితే చాలు. అనుమానం గట్టిగా ఉన్నా కావాలని అడగకుండా ఉండటం కూడా తెలిసినట్టే లెక్క. అయితే ఏమీ తెలియక చెప్పిన కోడ్ కొట్టిన బిల్లరు నేరస్థురాలు కాదు. పేషెంట్లను పంపినందుకు ఇచ్చే కమీషన్ “అందరూ తీసుకునేదే” అన్న మాట మాత్రం ఎక్కడా నిలవదు.

“ఆస్తులు స్తంభింపజేశారు, ఇక లాయరును కూడా పెట్టుకోలేం”

ఫ్లోరిడాలో హోమ్‌హెల్త్ వ్యాపారం చేసిన సిలా లూయిస్ మీద 45 మిలియన్ డాలర్ల మోసం అభియోగం మోపి, ఆమె దగ్గర మిగిలిన 2 మిలియన్లనూ ఆపేశారు. 2016లో సుప్రీంకోర్టు, నేరంతో సంబంధం లేని సొంత డబ్బును లాయరు ఖర్చుకు వాడుకోనివ్వాల్సిందే అంది. అందుకే ఏ డబ్బు ఎక్కడిదో చూపే బ్యాంకు కాగితాలు పోగొట్టుకోకూడదు.

“అభియోగాలు ఎన్ని ఎక్కువైతే కేసు అంత గట్టిది”

టెక్సస్‌లో డేవిడ్ డ్యూబిన్ మీద పెట్టిన మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కేసులో బిల్లు పెరిగింది సుమారు 338 డాలర్లు. పరీక్ష చేసిన ఉద్యోగి అర్హతను పెంచి చూపారు. బిల్లులో పేషెంటు పేరు ఉంది కాబట్టి “గుర్తింపు దొంగతనం” కూడా చేర్చారు, దానికి 2 ఏళ్లు తప్పనిసరి శిక్ష. 2023లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్ష చెల్లదంది. ప్రతి బిల్లులోనూ పేషెంటు పేరు ఉంటుంది, అంతమాత్రాన అది గుర్తింపు దొంగతనం కాదని తేల్చింది.

“సబ్‌పీనా వచ్చింది, రాత్రికి రాత్రి ఫైళ్లు సర్దేద్దాం”

ఈ ఒక్క రాత్రిలో నిర్దోషులు దోషులవుతారు. దర్యాప్తును అడ్డుకోవాలని రికార్డు మార్చినా, చించినా 20 ఏళ్ల వరకు శిక్ష. అసలు మోసానికి మామూలుగా ఉన్న 10 ఏళ్లకు రెట్టింపు. ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థల్లో ఎవరు ఏ నిమిషాన ఏ మాట మార్చారో నిలిచిపోతుంది. మరిచిపోయిన సంతకం చేర్చినా, వాట్సాప్ గ్రూపు చెరిపినా అంతే. రికార్డులు అప్పగించమన్న ఆ కాగితం వచ్చిన క్షణం నుంచి ఏదీ చెరపొద్దని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పాలి. పాత లోపం ఉంటే అది లోపంగానే ఉండనివ్వాలి. లోపానికి వివరణ ఉంటుంది, దిద్దుబాటుకు ఉండదు.

“డబ్బు కట్టేసి ఒప్పుకుంటే గొడవ వదులుతుంది”

హెల్త్‌కేర్ మోసం కేసులో శిక్ష పడితే మెడికేర్, మెడికెయిడ్ నుంచి కనీసం 5 ఏళ్ల బహిష్కారం తప్పదు. పౌరసత్వం లేనివాళ్లకు ఇంకో గండం. మోసంలో బాధితుడి నష్టం 10,000 డాలర్లు దాటితే వలస చట్టం దాన్ని తీవ్ర నేరంగా లెక్కిస్తుంది, గ్రీన్ కార్డు ఉన్నా వెనక్కి పంపించేయవచ్చు. ఈ ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు పడియా కేసులో తేల్చింది. చెప్పకపోతే మీరే అడగండి, వలస చట్టం తెలిసిన ఇంకో లాయరుతో చూపించండి. ఇండియా నుంచి వలస వెళ్లిన నిజావన్ అనే వ్యక్తి బ్యాంకు మోసం కేసులో నష్టం ఎంతో జ్యూరీ ఏమీ తేల్చలేదు. శిక్ష ఖరారుచేసే దశలో నష్టం 100 మిలియన్ డాలర్లు దాటిందని ఆయన ఒప్పుకున్నారు. దేశం నుంచి పంపించే విచారణలో ఆ అంకెను లెక్కలోకి తీసుకోవచ్చని 2009లో సుప్రీంకోర్టు అంది. ఒప్పందం కాగితం చేతికొచ్చినప్పుడు జైలు నెలల వరుస తర్వాత చూడండి. ముందు నష్టం అన్న వరుసలో ఏ అంకె రాశారో చూడండి.