భోజనానికి ముందు ఒక గంట: బ్రెషియా నుంచి ఉర్లా వరకు

పని ముగిసే వేళకూ, రాత్రి భోజనానికి కూర్చునే వేళకూ నడుమ గంటో, గంటన్నరో వ్యవధి ఉంటుంది. ఆ కాలాన్ని ఎలా గడుపుతున్నారని అడిగితే మనలో చాలామంది చెప్పగల సమాధానం ఒక్కటే: “దారిలో ఉంటాము.” దేహం కంపెనీ బస్సులో ఉన్నా మనసు మాత్రం ఇంకా మిల్లులోనే ఉంటుంది.

ఇటలీ దేశంలో ఈ గంటకు ప్రత్యేకంగా ఒక పేరున్నది. దానిని ‘అపెరిటీవో’ అంటారు. ఆ మాటను మేము మొదట విన్నది 2014 అక్టోబరులో, బ్రెషియా నగరంలో. దాని విలువ మాకు బోధపడినది మాత్రం ఎనిమిదేళ్ళ తరువాత, రాయపూర్ శివార్లలోని ఉర్లా పారిశ్రామిక వాడలో. ఆ రెండు సాయంకాలాలను గురించి మన సంస్థ కుటుంబ సభ్యులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉక్కు ఊరు

ఉత్తర ఇటలీలో మిలాన్, వెరోనా నగరాల మధ్య బ్రెషియా ఉన్నది. రోమనులు దీనిని బ్రిక్సియా అనేవారు. క్రీ.శ. 73లో వెస్పాసియన్ చక్రవర్తి కాలాన నిర్మించిన దేవాలయపు స్తంభాలు నేటికీ ఊరి నడుమ నిలిచి ఉన్నాయి. అయితే మనవంటి ఉక్కు పరిశ్రమ వారికి ఈ ఊరు మరొక విధంగా ముఖ్యమైనది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ ప్రాంతంలోని చిన్న పారిశ్రామికులు తుక్కు ఇనుమును విద్యుత్ కొలుములలో కరిగించి, కాంక్రీటు కమ్మీలను చవకగా తయారుచేయసాగారు. పెద్ద కర్మాగారాలు వీరిని చూసి కలవరపడ్డాయి. ‘బ్రెషియానీ’ అనే మాట ఐరోపా ఉక్కు మార్కెట్టులో చిన్న మిల్లులకు మారుపేరైనది. స్పాంజ్ ఐరనునూ, తుక్కునూ ఇండక్షన్ ఫర్నేసులలో కరిగించి కమ్మీలు తీసే ఉర్లా, సిల్తరా వాడలను ఎరిగినవారికి ఆ ఊరు పరాయిదిగా తోచదు.

మేమూ, మా యువ సహచరుడూ ఒక మిల్లు గేర్‌బాక్సును తనిఖీ చేయడానికి అక్కడికి వెళ్ళాము. పళ్ళకు నీలిరంగు పూసి, చక్రాలను తిప్పి చూడగా, రంగు పంటి వెడల్పంతటా పరచుకోక ఒక అంచునే అంటినది. బరువంతా ఆ అంచుపైనే పడితే కొన్ని నెలలలో పళ్ళు విరగడం ఖాయం. మేము సంతకం చేయలేదు. అతిథేయ సంస్థ ఇంజనీరు పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. ఆయన ముఖం ఎర్రబడినది, మా గొంతు కూడా పెరిగినది.

సాయంత్రం ఆరున్నరకు ఆయనే మా హోటలుకు వచ్చి, “అపెరిటీవోకు రండి” అన్నారు. మాకు సందేహం కలిగినది. “సార్, పొద్దున సరుకును తిరస్కరించి సాయంత్రం ఆయనతో కూర్చుంటే బాగుంటుందా?” అన్నాడు మా సహచరుడు. మన ప్రవర్తనా నియమావళి సాధారణ భోజనాన్ని బహుమతిగా పరిగణించదు. కానీ, కార్యాలయ వ్యవహారాలున్న సంస్థల నుంచి ఖరీదైన ఆతిథ్యాన్ని గాని, తరచు ఆతిథ్యాన్ని గాని స్వీకరించవద్దని హెచ్చరిస్తుంది. వెళ్ళాలనీ, మా గ్లాసు ఖర్చు మేమే పెట్టుకోవాలనీ నిశ్చయించుకున్నాము. ఆ మాట చెప్పగానే ఆయన నవ్వి, “ఆల్లా రొమానా” అన్నారు. ఎవరి వాటా వారు చెల్లించడాన్ని ఇటాలియనులు ‘రోమను పద్ధతి’ అంటారట.

రెండు ప్రధాన దేవాలయాలు పక్కపక్కనే నిలిచిన చౌకులో, ఆరుబయట బల్లల వద్ద కూర్చున్నాము. ఆ ఊరి ప్రత్యేక పానీయాన్ని ‘పిర్లో’ అంటారు. తెల్ల ద్రాక్షసారాలో ఎర్రని కంపారి, కొంత సోడా నీరు కలుపుతారు. మాకు మద్యం అలవాటు లేదు గనుక క్రోడినో అనే చేదు నారింజ పానీయాన్ని తెప్పించుకున్నాము. అందులో మద్యం ఉండదు. పానీయంతోపాటు ఉప్పు ఆలివ్ కాయలు, బాదం పప్పులు, వేయించిన పొలెంటా ముక్కలు వచ్చాయి. పొలెంటా అంటే మొక్కజొన్న పిండిని ఉడికించిన ముద్ద. మన సంకటిని చల్లార్చి, కోసి, వేయించినట్లు ఉంటుంది.

గంట గడచినా ఎవరూ రెండవ గ్లాసు అడగలేదు. గేర్‌బాక్సు ప్రసక్తి కూడా రాలేదు. ఆయన తన తండ్రి కొలిమి దగ్గర చేసిన ఉద్యోగాన్ని గురించి చెప్పారు. మేము మా ఊరి చెరువును గురించి చెప్పాము. లేచేటప్పుడు ఆయనే, “బేరింగు గూళ్ళ అమరిక రేపు ఉదయం మళ్ళీ కొలుస్తాను” అన్నారు. కొలిచారు, సరిదిద్దారు. మూడవ రోజున రంగు పంటి వెడల్పంతటా అంటినది. మేము అప్పుడే సంతకం చేశాము.

చేదు ఎందుకు?

‘అపెరీరె’ అనే లాటిను ధాతువుకు ‘తెరచుట’ అని అర్థం. ఆకలిని తెరిచేది అపెరిటీవో. 1786లో తూరిన్ నగరంలో అంతోనియో బెనెదెత్తో కార్పానో వనమూలికలు కలిపిన ద్రాక్షసారాను ‘వెర్మత్’ పేరుతో అమ్మాడు. 1860లో నొవారాలో గాస్పరె కంపారి తన ఎర్రని చేదు పానీయాన్ని తయారుచేశాడు. చేదు తగలగానే నోట లాలాజలం ఊరుతుంది, కడుపు భోజనానికి సిద్ధపడుతుంది. ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఆయుర్వేదం దీనినే ‘దీపనం’ అన్నది, అనగా జఠరాగ్నిని వెలిగించడం. ఉగాది పచ్చడిలోని వేపపూవు, నేతితో కలిపి తినే శొంఠిపొడి తొలిముద్ద ఈ కోవలోనివే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఖాళీ కడుపున తాగిన మద్యం శీఘ్రంగా రక్తంలో కలుస్తుంది. పళ్ళెంలో తినుబండారాలు ఉండడానికి ఇదొక మంచి కారణం. షిఫ్టు దిగగానే ఏమీ తినకుండా గబగబా రెండు గ్లాసులు తాగి ఇల్లు చేరడం అపెరిటీవో కాదు. ఆ దారిన వెళ్ళి నలభై ఎనిమిదేళ్ళకే కాలేయం పాడై కన్నుమూసిన ఒక సహోద్యోగి ఇంటికి, అంత్యక్రియల ఖర్చు కోసం మన విభాగం చందా కవరు పట్టుకుని వెళ్ళినవారము మేము. ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేము.

ఉర్లాలో సాయంకాలం

2022 శీతాకాలంలో కమ్మీల తనిఖీ నిమిత్తం ఉర్లా వెళ్ళాము. వంపు పరీక్షలో ఒక నమూనాకు పగుళ్ళు కనిపించాయి. నియమం ప్రకారం అదే లాటు నుంచి మరి రెండు నమూనాలు తీశాము. ఒకటి నిలిచినది, రెండవది పగిలినది. లాటును తిరస్కరించాము. ఆ మిల్లు నడిపే యువకుడు మాట పెగలక కొంతసేపు నిలబడి, తరువాత రాయపూర్‌లో ఒక పెద్ద హోటలు పేరు చెప్పి కారు తెప్పించబోయాడు.

అప్పుడు మాకు బ్రెషియా చౌకు గుర్తుకు వచ్చినది. “కారు వద్దు బాబూ, గేటు బయట భజియా బండి దగ్గరకు నడిచి వెళదాము. ఎవరి డబ్బు వారిదే” అన్నాము. అతడు మొదట నమ్మలేదు.

షిఫ్టు మారే వేళ. లారీల దుమ్ములో, గ్యాసు దీపం వెలుగులో, భార్యాభర్తలిద్దరు బండి నడుపుతున్నారు. మూకుడులో మిరప భజియాలు, ఉడికించిన బంగాళాదుంపను ఉండచేసి శనగపిండిలో ముంచి వేయించిన ఆలూ గుండాలు. పక్కన పతాల్ చట్నీ. ఛత్తీస్‌గఢీ భాషలో పతాల్ అంటే టమాటా. సీసాలో ఠేఠరీలు ఉన్నాయి. మన జంతికలకు దగ్గరి చుట్టాలు. చేతిలో అరగ్లాసు అల్లం టీ. కొలిమి పనివారు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు అందరూ నిలబడే తింటున్నారు. వారి మాటలలో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియాలతోపాటు మన తెలుగు కూడా వినిపించినది. బ్రెషియాలో పాలరాతి చౌకు, ఇక్కడ దుమ్ము రోడ్డు. చేస్తున్న పని మాత్రం ఒక్కటే: పనివేడిని కొంత దించుకుని ఇంటికి వెళ్ళడం.

ఆ యువకుడు ఉక్కు మాట ఎత్తలేదు. కుమార్తె పరీక్షలను గురించి, అప్పు కిస్తీలను గురించి చెప్పాడు. మేము విన్నాము. లాటు తిరస్కృతంగానే ఉన్నది, అందులో మార్పు లేదు. అయితే అతడు పైవారికి ఫోను చేయించలేదు. మరునాడు ఉదయం తానే వచ్చి, “నీటి పెట్టె పీడనం ఎక్కువై ఉండవచ్చును, చూడండి సార్” అన్నాడు. కమ్మీని అతిగా చల్లబరిస్తే పైపొర గట్టిపడి వంగే గుణం తగ్గుతుంది. కారణం అతడే పట్టుకున్నాడు.

మన ఇంటి గంట

ఇక మా సంగతి. చాలా ఏళ్ళపాటు మేము మిల్లు వేడిని నేరుగా ఇంటికే మోసుకుపోయాము. చెప్పులు విప్పకముందే ఎవరో ఒకరిపై విసుక్కునేవారము. స్కూటరు చప్పుడు వినగానే పిల్లలు పక్క గదిలోకి వెళ్ళేవారని మా శ్రీమతి చెప్పినది ఇటీవలనే. ఆ మాట ఏ తనిఖీ నివేదికకంటెను మమ్మల్ని ఎక్కువగా బాధించినది.

ఇప్పుడు ఆరున్నరకు మా వరండాలో నాలుగు కుర్చీలు ఉంటాయి. ఒక రోజు పునుగులు, ఒక రోజు ఉడికించిన వేరుశనగలు, ఒక్కొక్కసారి మరమరాలలో ఉల్లిపాయ, నిమ్మరసం. చక్కెర వ్యాధి కారణంగా మాకు వేపుడు రెండు ముక్కలకు మించదు. టీ మాత్రం గ్లాసు నిండా ఉంటుంది. ఆ గంటలో కార్యాలయం మాట రాదు, ఫోను లోపలి గదిలో ఉంటుంది. పెళ్ళయి వెళ్ళిన మా అమ్మాయి పండుగకు వచ్చినప్పుడు మొదట అడిగినది, “నాన్నా, నా కుర్చీ ఏది?” అని.

ఐదవ కుర్చీని ఆ సాయంత్రమే కొన్నాము.