ఉప్పుగాలిలో లెన్స్‌కు తొడుగు

నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు పని ముమ్మరంగా ఉండే రోజులూ, గాలిలో చెమ్మ ముమ్మరంగా ఉండే రోజులూ దాదాపు ఒకటే. కార్తీక, మార్గశిర మాసాల్లో ముహూర్తాలు వరుసకడతాయి. నెల్లూరు తీరానికి ఎక్కువ వాన ఇచ్చే ఈశాన్య రుతుపవనాలు వచ్చేదీ అప్పుడే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. తుపాన్ల కాలమూ అదే. 1989 నవంబర్‌లో థాయ్‌లాండ్ వైపు నుంచి వచ్చిన పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. అందుకే దానికి కావలి తుపాను అని పేరు పడింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, వాన మాత్రం నెల్లూరు జిల్లానూ ముంచెత్తింది.

ఇలాంటి చోట కెమెరా లెన్స్‌ను ఎలా కాపాడుకోవాలి? ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువమందికి ఎదురవుతోంది. స్టూడియోలవాళ్లు అద్దం లేని కొత్తరకం కెమెరాలకు మారుతున్నారు. వాళ్ల పాత కెమెరాలు, లెన్సులు తక్కువ ధరకు చేతులు మారుతున్నాయి. అలా కొన్న లెన్స్‌కు చాలాసార్లు సంచి ఉండదు, ఒక్కోసారి మూత కూడా ఉండదు. ఇంట్లోనే తొడుగు చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు. ఖర్చూ తక్కువే. అయితే తొడుగు దేన్ని ఆపాలో తెలియకుండా కుడితే, ఆ తొడుగే లెన్స్‌ను పాడుచేస్తుంది. కాబట్టి ముందు లెన్స్‌కు జరిగే హాని ఏమిటో చూద్దాం.

గాజు మీద పడిన వెలుగులో సుమారు 4 శాతం ప్రతి ముఖం దగ్గరా వెనక్కి తిరిగిపోతుంది. జూమ్ లెన్స్‌లో గాజులు అనేకం ఉంటాయి. గాలి తగిలే ముఖాలు 22 ఉన్నాయనుకుంటే, చివరికి 40 శాతం వెలుగు మాత్రమే లోపలికి చేరుతుంది. దీన్ని నివారించడానికే గాజు మీద పూత (వెలుగు వెనక్కి తిరిగిపోకుండా ఆపే అతి పలుచని పొర) వేస్తారు. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో ఏ 700వ వంతో. మనం నిజానికి కాపాడుకోవలసింది గాజును కాదు, ఈ పొరను.

కావలి దగ్గరి తుమ్మలపెంట సముద్రపు ఒడ్డున నిలబడితే మొహానికి సన్నని జిగట అంటుకుంటుంది. అది లవణ తుంపర (అలలు విరిగి, బుడగలు పగిలినప్పుడు గాల్లోకి లేచే ఉప్పునీటి బిందువులు). అదే లెన్స్ మీదా చేరుతుంది. ఉప్పు గాజు కంటే మెత్తనిది, తనంతట తాను గీత పెట్టదు. ఇసుక అలా కాదు. దానిలోని స్ఫటికం గాజు కంటే గట్టిది. జిగటగా ఉన్న ఉప్పుపొర ఇసుక రేణువును పట్టి ఉంచుతుంది. మనం జేబురుమాలు తీసి గుండ్రంగా తుడుస్తాం. గీత పడేది ఆ క్షణంలోనే.

ఉప్పు చేసే రెండో పని నిదానంగా సాగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో వంటింటి ఉప్పుజాడీలో ఏం జరుగుతుందో లెన్స్ అంచుల్లోనూ అదే జరుగుతుంది. సాపేక్ష ఆర్ద్రత (గాలి మోయగల తేమలో ఇప్పుడు ఎంత శాతం మోస్తున్నదో చెప్పే అంకె) 75 దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం దగ్గరే చెమ్మగిల్లుతుంది. కాబట్టి ఈ తీరంలో లెన్స్‌కు పట్టిన ఉప్పును తుడవకుండా వదిలేస్తే అది పూర్తిగా ఆరదు. తడిగా ఉండి లోహపు భాగాలను, మరలను తినేస్తూ ఉంటుంది.

మూడోది బూజు. ఫొటోగ్రాఫర్లు ‘లెన్స్‌కు ఫంగస్ పట్టింది’ అనేది దీన్నే. దాని బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, కొత్త లెన్స్ లోపల కూడా ఉంటాయి. వాటిని ఏ తొడుగూ ఆపలేదు. కానీ అవి మొలకెత్తాలంటే తేమ కావాలి. ఆర్ద్రత 60, 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే, చీకట్లో, గాలి కదలని చోట తెల్లని దారాల్లా అల్లుకుంటాయి. పెరిగేటప్పుడు అవి ఆమ్లాలు వదులుతాయి. ఆ ఆమ్లం పూతను, ఆపైన గాజును కొరికేస్తుంది. తర్వాత బూజును తుడిచినా ఆ మచ్చ పోదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. తుంపరను, వానను ఆపాలంటే గాలి చొరబడని తొడుగు కావాలి. అదే తొడుగుతో లెన్స్‌ను బీరువాలో పెడితే, లోపల చిక్కుకున్న చెమ్మ బయటికి పోదు, బూజుకు కావలసిన చోటు అమరుతుంది. నన్నడిగితే, ఈ తీరంలో లెన్సులు పాడవడానికి బయటి దుమ్ము కంటే లోపల మూసిపెట్టిన చెమ్మే పెద్ద కారణం. కాబట్టి ఒక తొడుగుతో పని జరగదు. బయటికి ఒకటి, ఇంటికి ఒకటి కావాలి.

బయటి తొడుగు సులువు. కెమెరా, లెన్స్ కలిసి వదులుగా పట్టే మందపాటి పాలిథిన్ కవరు తీసుకోండి. మూసి ఉన్న చివర, లెన్స్ హుడ్ (లెన్స్ ముందు బిగించే గరాటు లాంటి నీడపట్టీ) వెడల్పు కంటే కాస్త చిన్న రంధ్రం కత్తిరించండి. హుడ్‌ను అందులోంచి బయటికి తోసి, అంచు వెనక రబ్బరు బ్యాండు బిగించండి. గాజుకు ముందు పాలిథిన్ రాకూడదు, వస్తే బొమ్మ మసకబారుతుంది. కవరు రెండో చివర కిందికి వేలాడేలా వదిలేయండి. చేతులు అందులోంచి దూర్చాలి. వాన పైనుంచి పడుతుంది, కెమెరా వేడికి పుట్టిన ఆవిరి కిందినుంచి పోతుంది. తుపాను రోజుల్లో బయటికి వెళ్లక తప్పని విలేకరులకు ఇది చాలు. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలు తీసేవాళ్లకూ, ఒడ్డున పెళ్లికి ముందు జంటల ఫొటోలు తీసేవాళ్లకూ చాలు. పని అవగానే తీసేయాలి, ఆ కవరుతోనే ఇంటికి తేకూడదు.

గాజు ముందు బిగించే యూవీ ఫిల్టర్ గురించి కూడా అడుగుతారు. డిజిటల్ కెమెరాలో అతినీలలోహిత కిరణాలను ఆపే ఏర్పాటు సెన్సర్ ముందే ఉంటుంది, కాబట్టి ఆ పనికి ఫిల్టర్ అక్కర్లేదు. ఒడ్డున ఇసుక తగలకుండా అడ్డుగాజుగా మాత్రం పనికొస్తుంది. రాత్రి పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల ముందు తీసేయడం మంచిది. అదనంగా చేరిన రెండు ముఖాల వల్ల దీపాల నీడలు బొమ్మలో తేలుతాయి.

ఇంటి తొడుగుకు కాస్త ఓపిక కావాలి. మెత్తదనం కోసం చాలామంది స్పాంజి గాని, దూది గాని వాడతారు. రెండూ వద్దు. దూది నీటిని పట్టి ఉంచుతుంది. మామూలు స్పాంజి నీటి ఆవిరితో చర్య జరిపి కొన్నేళ్లకు జిగట పొడిగా రాలుతుంది, ఆ పొడి లెన్స్ తిప్పే చోట్ల చేరుతుంది. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే తెల్లటి మెత్తటి ఫోమ్ షీటు మేలు. ఆపిల్ పండ్లకు తొడిగే వల కూడా ఈ రకమే. దాని గాలిగదులు మూసుకుని ఉంటాయి, అందుకే నీరు పీల్చదు.

కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్ వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు, రెండు మూతలతో కలిపి పొడవు 10 సెంటీమీటర్ల లోపు. 5 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టూ వేస్తే మొత్తం వెడల్పు 80 మిల్లీమీటర్లు అవుతుంది. దాన్ని 3.14తో హెచ్చవేస్తే చుట్టుకొలత 25 సెంటీమీటర్లు. కుట్టుకు 2 కలిపి, గుడ్డ 27 సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించాలి. ఎత్తు 15 ఉంటే, పైన నాడా ఎక్కించే పట్టీకి, కింద కుట్టుకు సరిపోతుంది. అడుగుకు 10 సెంటీమీటర్ల గుండ్రటి ముక్క. జిప్ పెట్టవద్దు. లోహపు జిప్ ఉప్పుగాలికి తుప్పుపడుతుంది, తెరిచేటప్పుడు గాజుకు గీసుకుంటుంది. ఈ కొలతలు రాసిస్తే వీధి చివరి టైలరు మిగిలిన ముక్కలతోనే కుట్టిస్తాడు.

లోపలి గుడ్డ విషయంలో ఒక జాగ్రత్త. కళ్లజోడు తుడిచే మైక్రోఫైబర్ అన్నిటికంటే మంచిది, దాని పోగులు తేమను దాదాపు పీల్చవు. అది దొరక్కపోతే బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె వాడవచ్చు. గంజి పెట్టిన గుడ్డ మాత్రం వద్దే వద్దు. గంజి అంటే పిండిపదార్థం, బూజుకు అదే ఆహారం. తోలు సంచులు చూడటానికి బాగుంటాయి గాని, తోలు కూడా చెమ్మను దాచుకుంటుంది, బూజును పెంచుతుంది.

నూలుగుడ్డ దాచుకునే నీరు ఎంత ఉంటుందో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం ఆర్ద్రతలో ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలోని గాలిలో అది పావు గ్రాము కూడా కాదు. కానీ 65 శాతం ఆర్ద్రతలో నూలుగుడ్డ తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. అంటే 50 గ్రాముల నూలు సంచిలో 4 గ్రాములు. డబ్బాలోని గాలి కంటే సంచి పదహారు రెట్లకు పైగా నీటిని లోపలికి మోసుకొస్తుందన్నమాట. అందుకే సంచిని మధ్యాహ్నపు ఎండలో వేసి, ఇస్త్రీ చేసి, ఆ వెచ్చదనం తగ్గగానే డబ్బాలో పెట్టాలి. లెన్స్‌ను మాత్రం ఎండలో పెట్టకూడదు. సూర్యుడి వైపు తిరిగిన లెన్స్ వెలుగును ఒకచోటికి చేర్చి నిప్పు పుట్టించగలదు.

మిగిలిన చెమ్మను సిలికా జెల్ (గాలిలోని తేమను పీల్చే గుళికలు) లాక్కుంటుంది. అది తన బరువులో అయిదో వంతు దాకా పీల్చగలదు. రబ్బరు అంచున్న, గట్టిగా మూతపడే డబ్బాలో, గుడ్డమూటలో కట్టిన 50 గ్రాముల గుళికలు వేయండి. మందుసీసాల్లో దొరికే ఒక గ్రాము పొట్లం ఏమూలకూ చాలదు. నీలం గుళికలు గులాబీ రంగుకు, నారింజ గుళికలు ఆకుపచ్చకు మారితే నిండిపోయినట్టు. సన్నని సెగ మీద, వంటకు వాడని మూకుడులో రంగు తిరిగి వచ్చేదాకా వేయించి మళ్లీ వాడుకోవచ్చు. వంటపాత్ర వద్దనడానికి కారణం ఉంది. నీలం గుళికల్లోని కోబాల్ట్ లవణం విషపదార్థం. చవకగా ఉంటుందని బియ్యంలో లెన్స్ పెట్టేవాళ్లూ ఉన్నారు. బియ్యంలోనే వందకు 12, 13 పాళ్ల నీరు ఉంటుంది, పైగా నూక, తౌడు పొడి లెన్స్‌లోకి పోతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న ఆర్ద్రతా మీటరు డబ్బాలో పెడితే ఊహించుకునే పని ఉండదు. అంకె 40, 50 మధ్య ఉండాలి.

మూత పోయినవాళ్లకు ఒక మాట. లెన్స్ ముందు అంచున, సున్నా మీద అడ్డగీత ఉన్న గుర్తు పక్కన 49, 52, 58, 67 లాంటి అంకె ఉంటుంది. అది మిల్లీమీటర్లలో వెడల్పు. ఆ కొలత చెబితే కొత్త మూత తక్కువ ధరకే వస్తుంది. వచ్చేదాకా మందపాటి ప్లాస్టిక్ డబ్బా మూతకు లోపల ఫోమ్ అతికించి వాడవచ్చు, ఫోమ్ గాజుకు తగలకుండా ఉంటే చాలు. వెనక మూత లేకుండా మాత్రం ఒక్కరోజు కూడా ఉంచవద్దు, అక్కడి గాజు మీది మచ్చ బొమ్మలో త్వరగా తెలుస్తుంది. షట్టర్లు వాడుకలోకి రాకముందు ఈ మూతదే పెద్ద పని. 19వ శతాబ్దంలో ఫొటోగ్రాఫర్లు మూత తీసి, సెకన్లు లెక్కపెట్టి, తిరిగి మూసేవారు. తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన లాలా దీన్‌దయాళ్ 1870లలో కెమెరా పట్టేనాటికి వాడుకలో ఉన్న పద్ధతి అదే.

ఏసీ కల్యాణమండపంలోంచి బయటికి వచ్చేటప్పుడు తొడుగు మరో విధంగా పనికొస్తుంది. 24 డిగ్రీల దగ్గర గాలి ఘనమీటరుకు 22 గ్రాముల నీటినే మోయగలదు. బయటి గాలిలో 24 గ్రాములు ఉంటే, చల్లబడిన గాజును తాకగానే ఆ అదనపు నీరు మంచులా పడుతుంది. హాల్లో ఉండగానే లెన్స్‌ను పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించి, బయటికి వచ్చాక అరగంట ఆగండి. నీరు కవరు మీద పడుతుంది, గాజు మీద పడదు.

ఒడ్డు నుంచి వచ్చాక లెన్స్‌ను తుడవకుండా సంచిలో వేయవద్దు. ముందు రబ్బరు బల్బుతో గాలి ఊది ఇసుకను ఎగరగొట్టాలి. తర్వాత మెత్తటి గుడ్డను మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండి, లెన్స్ ఒంటిని తుడవాలి. ఉప్పు మంచినీటిలో కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. తీరం దగ్గర బోరునీళ్లలోనే ఉప్పు ఉండవచ్చు, కాబట్టి తాగే క్యాన్ నీళ్లు వాడండి. గాజును మాత్రం లెన్స్ ద్రావకం వేసిన కొత్త గుడ్డతో, మధ్య నుంచి అంచుకు తుడవాలి. ఫ్యాను కింద కాసేపు ఆరాకే సంచిలోకి వెళ్లాలి.

నెలకోసారి లెన్స్‌ను బయటికి తీసి, చీకటి గదిలో వెనక నుంచి ఫోను టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. చుక్కలు కనిపిస్తే అది దుమ్ము, కంగారు పడక్కర్లేదు. అంచు నుంచి లోపలికి కొమ్మలు కొమ్మలుగా పాకే తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు. తొలిదశలో మరమ్మతు చేసేవాళ్లు లెన్స్ విప్పి శుభ్రం చేయగలరు, మీరు విప్పవద్దు. ఆ లెన్స్ ఉన్న సంచిని పారేసి కొత్తది కుట్టించండి. డబ్బాను సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి, గుళికలను వేయించి, మిగతా లెన్సులన్నిటినీ అదే రోజు టార్చి వెలుగులో చూడండి.