ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాలి?

వాన మొహం చాటేస్తే మడికి డీజిలు ఇంజనే దిక్కు. బొబ్బిలి చుట్టుపక్కల చెరువుల దగ్గరా, వేగావతి ఒడ్డునా రైతులు ఇంజనుతో నీళ్లు తోడతారు. డీజిలు అయిపోతే ఇంజను ఆగిపోతుంది. వెంటనే తెలుస్తుంది. ఆయిలు పాడైతే అలా తెలియదు. లోపలి ఇనుము రాసుకుని అరుగుతుంది. ఒకనాడు ఇంజను పట్టేస్తుంది. బాగుచేయించేలోగా మడి ఎండుతుంది.

"ఓలప్పా, మొన్న పోసిన ఆయిలు అప్పుడే నల్లగయిపోనాది. మార్చీమంటావేటి?"

అక్కర్లేదు. డీజిలు మండితే మసి వస్తుంది. ఆ మసిని ఆయిలు పట్టుకుంటుంది. అందుకే నల్లబడుతుంది. రంగు చూసి కాదు, లెక్క చూసి మార్చాలి.

లారీకి కిలోమీటర్ల లెక్క. మడి గట్టున ఇంజనుకు గంటల లెక్క. కొన్ని ఇంజన్లకు 100 గంటలు, కొన్నింటికి 250 గంటలు. ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదవండి. 250 అని ఉందనుకోండి. రోజుకు 5 గంటలు నడిస్తే 50 రోజులు. కొత్త ఇంజనుకు మొదటిసారి ఇంకా ముందే మార్చాలి. అందులో ఇనప రజను రాలుతుంది.

ఏ రోజు ఎన్ని గంటలు నడిచిందో నోటు పుస్తకంలో మీరే రాయండి. మగవాళ్ల నోటి లెక్కలో గంటలు ఎప్పుడూ తక్కువే!

ఇంజను ఆపాక, ఆయిలు గోరువెచ్చగా ఉన్నప్పుడే దించాలి. మసి కూడా దిగుతుంది. కొత్త ఆయిలు పుల్ల మీద పైగీత దాటకూడదు. పాత ఆయిలు చెరువులో పోయకండి. డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇవ్వండి.