సూదిమందు తరువాతి దినములు

తెలుగువాని ఉత్సాహమంతయు నడుమునందే ఉన్నదేమో యని మన పలుకుబళ్ళను చూచిన తోచును. పనికి పూనుకొన్నవాడు నడుము కట్టును. పట్టుదల వహించినవాడు నడుము బిగించును. అలసినవాడు కాసేపు నడుము వాల్చును. వెన్ను సంగతియు అంతే. భయపడినవాడు వెన్ను చూపును; మేలు కోరిన గురువు వెన్ను తట్టును; నమ్మించి చెరచినవాడు వెన్నుపోటు పొడుచును. వరికంకికి గూడ వెన్ను అని పేరు. నెల్లు పండు సీమ గనుక నెల్లూరయినదని చెప్పుకొను మనకు ఈ మాట మరింత దగ్గరిది. (నెల్లిచెట్టు నుండి వచ్చినదను వారును కలరు; ఆ తగవు ఇక్కడ వద్దు.) గింజ బరువెక్కిన కొలదియు వరివెన్ను వంగును, ఆ వంపును చూచి రైతు సంతోషించును. మనుష్యుని వెన్ను వంగినప్పుడు మాత్రము ఇంటిలో సంతోషించువారుండరు.

ఈ తీరమున నడుమునకు పని తక్కువ కాదు. మైపాడు మొదలుకొని ఇసకపల్లి, తుమ్మలపెంటల వరకు గల పల్లెలలో అలివి వల లాగుట చూచినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. పడవ వలను విల్లువలె నీటిలో విడిచి వచ్చిన పిమ్మట, ఒడ్డున రెండు జట్లు రెండు మోకులను పట్టి, కాళ్ళను ఇసుకలో తన్నిపెట్టి, వెనుకకు వాలి, అడుగడుగున లాగుదురు. లాగెడి బరువంతయు నడుము మీదనే. తీరమును విడిచి కొంత లోపలికి వచ్చినచో వరిమళ్ళు. అక్కడ ఆడువారు ఉదయము నుండి సాయంకాలము వరకు వంగి వెనుకకు నడచుచు నాట్లు వేయుదురు. ఇసకపల్లి ఉప్పుమడులలో పలుగు లాగువారును, రొయ్యల చెరువుల గట్లపై మేత బస్తాలు మోయువారును ఈ జాబితాలోనివారే. మా బోటి ఉపాధ్యాయులది వేరు బాధ. మేము మోయునది లేదు. గంటల తరబడి నిలుచుటయే మా మోత.

నడుము విషయమున ఈ జిల్లా పేరు ప్రపంచ వైద్యగ్రంథములకు ఎక్కిన సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. నాడు నెల్లూరు జిల్లాలోనివై, 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరిన మెట్ట తాలూకాలలో, దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుట రైతులు మొదట గమనించిరి. పిమ్మట మనుష్యులలోను వెన్నెముక కొయ్యవలె బిగిసి, మెడ తిరుగక, నడుము వంగక బాధపడువారు కనబడిరి. షార్టు మొదలైన వైద్యులు పరిశోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని 1937లో ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి వివరణలలో అది ముఖ్యమైనది. ఆ వ్యాధికి కారణము దొరకినది. నీరు మార్చుట ఉపాయమని తేలినది. సామాన్యమైన నడుము నొప్పికి ఈ భాగ్యమును లేదు. నూటికి సుమారు తొంబది మందిలో ఇదమిత్థమని చూపదగిన కారణము దొరకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2020లో భూమండలముపై 61 కోట్ల 90 లక్షల మంది ఈ బాధ పడిరని అంచనా.

అందులో నేనొకడను. ఇరువదియైదేండ్లకు పైగా నిలువబడి పద్యములు చెప్పినవాడను. అందులో చాల యేండ్లు తీరపు గ్రామము నుండి పట్నమునకు బస్సులో పోయి వచ్చినవాడను. తైలములు, కాపడములు, నడుము పట్టీ, మాత్రలు అన్నియు అయినవి. వెన్నెముక అడుగు భాగము కటి ఎముకతో కలియు చోట సంధిబంధనములు సాగి బలహీనపడినవని చెప్పి, ఒక వైద్యుడు పి.ఆర్.పి. అను సూదిమందును సూచించెను. దీనినే ‘పునరుజ్జీవన చికిత్స’ యని ఆసుపత్రుల బోర్డులపై వ్రాయుచున్నారు. మాట గంభీరముగా ఉన్నది. తెలుగు పండితుని మనస్సును ఆ మాటయే సగము లోబరచుకొన్నది గాబోలు.

పని మాత్రము సులభముగా అర్థమగును. రోగి చేతి నుండి కొంత రక్తము తీసి, దానిని వేగముగా త్రిప్పు యంత్రములో పెట్టుదురు. మజ్జిగ చిలికినప్పుడు వెన్న పైకి తేలినట్లు, ఎఱ్ఱకణములు అడుగునకు దిగి, ప్లేట్‌లెట్లు దట్టముగా గల పసుపుపచ్చని ద్రవము వేరుపడును. గాయమైన చోట రక్తమును గడ్డకట్టించు కణములే ఈ ప్లేట్‌లెట్లు. అంతతో ఊరకుండక, గాయమును మాన్పుటకు తగిన కణములను పిలుచు పదార్థములను గూడ ఇవి విడుచును. సంధిబంధనములు కాలువ చివరి పొలముల వంటివి; వానికి రక్తప్రసారము మిక్కిలి తక్కువ. నీరందని మడికి బిందెతో నీరు తెచ్చి పోసినట్లు, ఆ ద్రవమును సూదితో అక్కడికే చేర్చుట ఈ చికిత్సలోని ఉపాయము. ఇది పూర్తిగా నేటి ఆలోచన కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన హాకెట్ అను శస్త్రవైద్యుడు, సంధిబంధనములలోనికి మంట పుట్టించు ద్రవమును ఎక్కించినచో శరీరమే అక్కడ క్రొత్త కణజాలమును అల్లుకొనునని వాదించి, 1956లో గ్రంథము ప్రకటించెను. తరువాతివారు ఆ పనికి ఎక్కువగా గ్లూకోజు నీటిని వాడిరి. అనగా చక్కెర నీరే!

సూది వేయుట అరగంట పని. కథ అంతయు దాని తరువాతనే ఉన్నది.

మొదటి మూడు దినములు నొప్పి తగ్గకపోవుట అటుండగా, హెచ్చినది. ఇది వికటించుట కాదనియు, మందు పని చేయు తీరే అదియనియు వైద్యుడు ముందుగనే చెప్పియుండెను. మాన్పుటకు శరీరము మొదట వాపును, వేడిని పుట్టించును. ఆ వాపును అణచు మాత్రలు వేసికొన్నచో సూది ఫలితమును మనమే అణచినట్లగునట. కావున డైక్లోఫినాకు, ఐబుప్రొఫేను వంటివి కొన్ని వారములు కూడదు. తప్పనిసరియైనచో పారాసెటమాలు మాత్రమే. ఇంటిలోని మాత్రల డబ్బాను మా ఇంటియామె బీరువాలో పెట్టి తాళము వేసినది. పీట మీద భోజనము మానితిని. నీళ్ళ బిందె ముట్టరాదు. వంగి చెప్పులు తొడుగుకొనరాదు. పరామర్శకు వచ్చిన ప్రతివారును ఒక మందు చెప్పి పోయిరి; రెండు వారములలో పదునాలుగు మందులు పోగయినవి. ఒక బంధువు సముద్రస్నానమును, మరొక బంధువు సముద్రము వైపు పోకుండుటను విధించిరి.

రెండవ వారమున నడక. సముద్రతీరము ప్రక్కనే ఉన్నను అక్కడ నడువవద్దనిరి. తీరము ఏటవాలు, ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లమున పడి కటి ఒక ప్రక్కకు ఒరుగును. అందుచే బకింగ్‌హాం కాలువ గట్టు నాకు వ్యాయామశాల అయినది. ఒకప్పుడు ఉప్పును వంటచెరకును మద్రాసునకు మోసిన పడవలు ఈ కాలువ మీదనే పోయెడివి. గట్టున నడచుచు వానిని త్రాళ్ళతో లాగినవారి నడుములను గూర్చి ఆలోచించుటకు నాకు కావలసినంత తీరిక దొరకినది. మూడవ వారము నుండి వెల్లకిల పరుండి మోకాళ్ళు ముడిచి నడుము పైకెత్తుట మొదలైన చిన్న వ్యాయామములు. ఆరవ వారమున ఒక ఉదయము మంచము దిగునప్పుడు చేయి ఊతగా పెట్టలేదని దిగిన తరువాత గమనించితిని. ఇప్పుడు వరుసగా రెండు తరగతులు నిలువబడి చెప్పగలుగుచున్నాను. మూడవ తరగతికి కుర్చీ కావలయును. నొప్పి పోయినదని చెప్పజాలను. నన్ను ఏలుట మానినది.

అయితే ఇది సూది మహిమయా, నడక మహిమయా, ఆరు వారములు ఏ బరువును ఎత్తకపోవుటయా? ఈ ప్రశ్న నాది మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో దీర్ఘకాలపు నడుము నొప్పి గల 110 మందిపై చేసిన పరీక్ష ఫలితము 2004లో వెలువడినది. కొందరికి గ్లూకోజు సూదులు, కొందరికి ఉత్త ఉప్పునీటి సూదులు వేసిరి. ఎవరికి ఏది వేసినది రోగులకు తెలియదు. రెండు వర్గములవారికిని చెప్పుకోదగినంత మేలు కలిగినది, ఆ మేలు నిలిచినది. రెంటి మధ్య మాత్రము తేడా కనబడలేదు! ఇక ప్లేట్‌లెట్ల సూదుల విషయమున కొన్ని పరీక్షలు మేలు చూపినవి, కొన్ని చూపలేదు; పరీక్షకు లోనైనవారి సంఖ్యలును చిన్నవి. మూలకణముల పేరిట అమ్మబడు సూదుల సంగతి ఇంకను వేరు. రక్తసంబంధమైన వ్యాధులకు చేయు మూలకణ మార్పిడి దక్క తక్కిన వానిని పరిశోధనలలో తప్ప చికిత్సగా వాడరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములలో చెప్పినది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడుము నొప్పికై వెలువరించిన సూచనలలో వ్యాయామమునకు, రోగికి విషయము బోధించుటకు చోటు దొరకినది. మనము ఇంత మక్కువతో కట్టుకొను నడుము పట్టీని సామాన్యముగా వాడవద్దనిరి. కావున బోర్డు మీది ‘పునరుజ్జీవనము’ అను మాటను విద్యార్థులు సమాసముగా విడదీసి చదువుకొనుట మేలు. జీవము తిరిగి వచ్చుట శరీరము చేయు పని. సూది దానిని పిలిచినదో లేదో ఇంకను తేలవలసియున్నది.

తేలిన సంగతి ఒకటి ఉన్నది. నాకు ఆరు వారములు దొరకినవి. సెలవు ఉన్నది, జీతము వచ్చినది, బిందె మోయుటకు ఇంటిలో మరొకరున్నారు. మందు ఖరీదును చీటీలో వ్రాయుదురు గాని, విశ్రాంతి ఖరీదును ఎవరును వ్రాయరు.

మార్చి నెలలో కాలువ గట్టున నా నడకను గమనించిన ఒక వృద్ధ మత్స్యకారుడు ఆపి అడిగెను: “అయ్యోరా, ఆ సూది నేను గూడా ఏయించుకుంటే మళ్ళా మోకు లాగతానంటారా?” ప్రతి దినము తెల్లవారుజామున మాత్ర మ్రింగి వల మీదికి పోవునట. నేను తెలిసినంత చెప్పితిని. ఖరీదు విని ఆయన తొణకలేదు. మాత్రలు కూడదనగానే తల అడ్డముగా ఊపెను. “నొప్పి ముదిరినా మాత్ర ఏసుకోకూడదంటే ఎట్టా అయ్యోరా? ఇంట్లో కూకుంటే ఎవురు పెడతారు?”

నాకొక లెక్క తట్టినది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిషేధము. ఆ కాలమునకు ప్రభుత్వమిచ్చు సాయమును 2025లో 20,000 రూపాయలు చేసిరి. ఏప్రిల్ మధ్యలో సూది వేయించుకొన్నచో ఆరు వారములును నిషేధములోనే గడచును గదా యంటిని. ఆయన నవ్వెను. వలలు బాగుచేయుట, పడవకు మరమ్మతు, చెరువుల మీద కూలి, ఇవన్నియు ఆ రెండు నెలలలోనే యట. వల అల్లువాడు దినమంతయు నేల మీద వంగి కూర్చుండును. వేట కంటె నడుమునకు అదే చేటని ఆయన మాట. ఆ సాయపు సొమ్ము కూడ అప్పటికే ఒకరి పద్దులో జమయై యుండునట.

“సూది సంగతి ఒదిలెయ్యండి. ఆ పండుకోని చేసే పని మాత్రం ఒకసారి చూపీండి” అనెను.

ఇసుకలో తువ్వాలు పరచి, వెల్లకిల పరుండి, మోకాళ్ళు ముడిచి చూపించితిని. ఆయన చేసెను. ఎత్తిన నడుమును పదిలెక్క వరకు నిలుపవలయునంటే, వల లాగునప్పుడు పాడు పాటలో ఒక చరణము పట్టునంతసేపు నిలిపెను. అది పదిలెక్క కంటె ఎక్కువయే. వలలు ఆరవేయుచున్న మరి నలుగురు వచ్చి ప్రక్కన పరుండిరి. వారిలో చిన్నవాడు మూడవసారికే చాలించి లేచి కూర్చుండగా, తక్కినవారు పడుకొనియే వానిని గేలి చేసిరి.