కాలి కింద ప్రతిధ్వని

మీరెప్పుడైనా పహాడీ షరీఫ్ వెళ్లారా? హైదరాబాదుకి దక్షిణాన, శ్రీశైలం రోడ్డు మీద, శంషాబాదు విమానాశ్రయానికి దగ్గర్లో ఉంది. గుట్టమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. మెట్లెక్కి పైకి పోతుంటే చుట్టూ పడుకున్న ఏనుగుల్లా రాతిగుండ్లు కనిపిస్తాయి. ఈ ప్రాంతమంతా అంతే. ఎటు చూసినా గ్రానైటు రాయే.

అలాంటి పెద్ద రాతిగోడ ఏదైనా చూసుకుని, దానికి ఎదురుగా 70 మీటర్ల దూరంలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. (దర్గా దగ్గర కాదు సుమా! అక్కడికి జనం ప్రార్థనకి వస్తారు. ఊరవతల గుట్ట చూసుకోండి.) మీరు "ఠప్"మని కొట్టిన కాసేపటికి, రాయి కూడా కొట్టినట్టు మరో "ఠప్" వినిపిస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 344 మీటర్లు పోతుంది. పోనూ రానూ 140 మీటర్లు. అంటే 0.4 సెకన్ల ఆలస్యం అన్నమాట.

గిటారు వాయించేవాడికి ఈ రెండో "ఠప్" అంటే మహా ఇష్టం. కానీ గుట్టని వేదిక మీదికి మోసుకుపోలేడు గదా! అందుకని ఇంజనీర్లు ఆ 70 మీటర్ల దూరాన్నీ, ఆ రాయినీ కలిపి సబ్బుపెట్టె అంత రేకుపెట్టెలో ఇమిడ్చారు. దానిమీద ఒక మీట. కాలితో నొక్కితే ప్రతిధ్వని, మళ్లీ నొక్కితే మామూలు శబ్దం. ఈ పెట్టెని పెడల్ అంటారు. శబ్దాన్ని గరుకుగా చేసేది ఒకటి, అలలా ఊపేది ఒకటి, హెచ్చుతగ్గులు సమం చేసేది ఒకటి... ఇలా రకరకాల పెట్టెలు. నాలుగైదింటిని ఒక చెక్కమీద వరసగా బిగిస్తే అదే పెడల్ బోర్డు.

కాలితోనే ఎందుకు నొక్కాలి? రెండు చేతులకీ పని ఉంటే మిగిలేవి కాళ్లే! మన పద్యనాటకాల్లో కాళ్ల హార్మోనియం చూశారా? పాదాలు గాలి కొడుతుంటే రెండు చేతులూ మెట్లమీద ఆడతాయి. ఇదీ అదే సూత్రం.

ఇప్పుడు మీ ఇల్లు పహాడీ షరీఫ్‌లోనే ఉందనుకుందాం. మీ అన్నయ్య పై చదువుకి పోతూ తన బేస్ గిటారు మీకిచ్చి వెళ్లాడు. స్కూలు వార్షికోత్సవంలో వాయించాలి. ఇంట్లో కొంచెం డబ్బిచ్చారు. కానీ రెండోసారి అడిగితే ఇవ్వరు! ఆ డబ్బు జేబులో పెట్టుకుని బస్సెక్కి, చాంద్రాయణగుట్ట మీదుగా కోటీ చేరారు. అక్కడ గుజరాతీ గల్లీలో రెసిస్టర్లూ, డయోడ్లూ, ట్రాన్సిస్టర్లూ అమ్మే కొట్లు వరసగా ఉన్నాయి. సంగీతపరికరాల కొట్లో అయితే తయారైన పెడల్సే దొరుకుతాయి. కొనడమా? చేసుకోవడమా? ఆ సంగతి తేలాలంటే ముందు పెట్టెలో ఏముందో తెలియాలి.

గిటారు తీగల కింద పికప్ అనే చిన్న అమరిక ఉంటుంది. అందులో అయస్కాంతం, దానిచుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రమే ఇది. శబ్దం ఒకసారి విద్యుత్తుగా మారితే దాన్ని పెంచొచ్చు, ఆపొచ్చు, వంచొచ్చు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) చేసిందేమిటో చూడండి. మామూలు మాండలిన్‌లో నాలుగు జతల తీగలుంటాయి. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. ఆయన అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ పట్టుకుని, దానిమీద కర్ణాటక సంగీతపు గమకాలు పలికించారు. పికప్ మహిమ అందులో కొంత, వేళ్ల మహిమ మరెంతో!

ఇక పెడల్స్‌లో అన్నిటికన్నా పేరుమోసినది పాడైపోయిన పెట్టెలోంచి పుట్టిందంటే నమ్ముతారా?

అమెరికాలోని నాష్‌విల్‌లో, 1960లో, మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన ఆరు తీగల బేస్ గిటారు వాయిస్తున్నాడు. రికార్డింగు బల్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోయింది. బేస్ శబ్దం తుమ్మెద డబ్బాలో ఇరుక్కున్నట్టు "బర్ర్"మంది. చెరిపేసి మళ్లీ తియ్యాలా? అలాగే ఉంచేశారు. 1961లో పాట విడుదలై జనానికి తెగ నచ్చింది. మిగతా గాయకులొచ్చి "మాకూ ఆ శబ్దం కావాలి" అన్నారు. అప్పటికి ఆ పాడైన భాగం కాస్తా పూర్తిగా చచ్చింది! దాంతో గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ట్రాన్సిస్టర్లతో అదే "పాడు" శబ్దం చేసే పెట్టె కట్టాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో బజారుకొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం తమ "సాటిస్‌ఫాక్షన్" పాటలో దాన్ని వాడాక కొట్లలో సరుకు ఖాళీ అయిపోయింది.

ఆ పెట్టె చేసే పనేమిటి? శబ్దతరంగాన్ని గుండ్రని కొండల వరస అనుకోండి. దాన్ని ముందు బాగా పెంచి, తరవాత కొండల తలలు చదునుగా నరికెయ్యాలి. అంతే! నరకడానికి రెండు సిలికాన్ డయోడ్లు చాలు. 0.6 వోల్టు దాటగానే డయోడు దారి తెరుచుకుని మిగిలిందంతా భూమికి పంపేస్తుంది. ఒకటి అటు తిప్పి, ఒకటి ఇటు తిప్పి పెడితే పై కొండలూ, కింది లోయలూ రెండూ చదునవుతాయి. గిటారు ఇచ్చేది వోల్టులో పదోవంతో, అయిదోవంతో కాబట్టి ముందు పెంచక తప్పదు. తలలు నరికిన తరంగంలో కొత్త స్వరాలు పుడతాయి. మూలస్వరం 41 హెర్ట్జులైతే దానికి మూడింతలు 123, అయిదింతలు 205... ఇలాగ. ఆ డయోడ్లు రెండూ కలిపి పది రూపాయలు కూడా కావు. సోల్డరింగు వచ్చినవాళ్లు ఈ పెడల్‌ని కచ్చితంగా ఇంట్లోనే చేసుకోవాలని నా అభిప్రాయం.

కానీ మీది బేస్ గిటారు గదా, ఇక్కడో చిక్కుంది. మామూలు గిటారులో అన్నిటికన్నా కింది తీగ సెకనుకి 82 సార్లు ఊగుతుంది. బేస్‌లో 41 సార్లే. గిటారు పెడల్ లోపల దారికి అడ్డంగా కూర్చునే కండెన్సరు (దీన్నే కెపాసిటర్ అంటారు) మందకొడి కంపనాలను సరిగా పోనివ్వదు. ఉదాహరణకి కండెన్సరు 0.022 మైక్రోఫారడ్లు, దాని ఎదుట నిరోధం లక్ష ఓములు అనుకోండి. లెక్క వేస్తే 41 హెర్ట్జుల శబ్దంలో సగమే అవతలికి పోతుంది. "బేస్‌కి పెడల్ తగిలిస్తే దమ్ము పోయింది" అని వాద్యకారులు గొణిగేది ఇందుకే. అదే చోట 0.1 మైక్రోఫారడ్ల కండెన్సరు పెట్టండి. నూటికి 93 వంతులు దాటిపోతుంది! బేస్ కోసమని వేరే అమ్మే పెడల్స్‌లో ఇలాంటి మార్పులే ఉంటాయి. కొన్నిటిలో అసలు శబ్దాన్ని పక్కదారిన పంపి చివర్లో కలుపుకునే గుండీ కూడా ఉంటుంది. కొనేటప్పుడు ఆ గుండీ ఉందో లేదో చూడండి.

మన ప్రతిధ్వని పెట్టె సంగతేమిటి? 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు తమాషా ఉపాయం కనిపెట్టారు. ఇల్లంటుకుంటే జనం బావి నుంచి ఇంటిదాకా వరసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చుకుంటారు చూడండి, అలా కండెన్సర్లను వరసగా నిలబెట్టారు. శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని విద్యుదావేశంగా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందిస్తారు. చివరికి చేరేసరికి ఆలస్యమవుతుంది గదా, అదే ప్రతిధ్వని! దీనికి బకెట్ బ్రిగేడ్ అనే పేరే ఉండిపోయింది. 4096 మెట్లున్న చిప్పు 0.2 సెకన్లదాకా ఆలస్యం చెయ్యగలదు. ఈ రోజుల్లో చాలా పెట్టెలు శబ్దాన్ని అంకెలుగా మార్చి జ్ఞాపకంలో దాచి తిరిగిస్తాయి. 0.4 సెకన్లేం ఖర్మ, కావలసినంత సేపు దాచుకోవచ్చు. ఇది ఇంట్లో చెయ్యడం కష్టం, కొనుక్కోండి.

పెట్టెలొచ్చాయి. ఏది ముందు, ఏది వెనక? ఇందులో పొరపాటు చేస్తే ఎంత ఖరీదైన పెట్టెలైనా దండగే. తల దువ్వుకుని తరవాత తలస్నానం చేస్తే ఎలా ఉంటుంది? గరుకు పెట్టె ముందు, ప్రతిధ్వని వెనక ఉంటే గరుకు శబ్దం నీటుగా మళ్లీ మళ్లీ, చిన్నదవుతూ వినిపిస్తుంది. తారుమారు చేశారో, అసలు స్వరమూ దాని ప్రతిధ్వనులూ అన్నీ ఒకేసారి కత్తికింద పడతాయి. చిన్నబోవాల్సిన ప్రతిధ్వని కూడా పెరిగిపోయి అంతా కలగాపులగం. కాబట్టి శ్రుతి చూసేది మొదట, తరవాత హెచ్చుతగ్గులు సమం చేసేది, దాని వెనక గరుకు పెట్టె, ఊపే పెట్టె, ఆఖరున ప్రతిధ్వని. ఇది శాసనం కాదు. రెండు పెట్టెలు తారుమారు చేసి మీ చెవితో వినండి, పైసా ఖర్చు లేని ప్రయోగం.

ఇక కరెంటు. డబ్బు తగలేసేవాళ్లు ఎక్కువమంది తగలేసేది ఇక్కడే.

పెడల్స్ చాలామటుకు 9 వోల్టులతో నడుస్తాయి. కొట్టువాడు "ఇది 500 మిల్లీ ఆంపియర్ల ఎడాప్టర్" అంటే, "అమ్మో, నా పెడల్‌కి 10 చాలు గదా, మిగతా 490 పెట్టెని కాల్చేస్తాయేమో" అని కొందరు భయపడతారు. భయం లేదు. కుండలో ఎన్ని నీళ్లున్నా మీరు దాహానికి సరిపడా తాగుతారు గానీ కుండంతా గొంతులో పోసుకోరు గదా! పెట్టె తనకి కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు మాత్రం సమానంగా ఉండాలి. శ్రుతి చూసేదానికి 30, సమం చేసేదానికి 10, గరుకుదానికి 10, ఊపేదానికి 20, అంకెల ప్రతిధ్వనికి 100 అనుకుంటే మొత్తం 170. 500ది హాయిగా మోస్తుంది. అదే చదరపు 9 వోల్టుల బ్యాటరీ (విప్పి చూస్తే లోపల ఒకటిన్నర వోల్టుల బుల్లి సెల్సు ఆరు!) అయితే గరుకు పెట్టెని యాభై గంటలు నడుపుతుంది, అంకెల పెట్టెని అయిదు గంటలు నడిపితే గొప్ప.

ఇంకొక్క మాట. పెడల్స్‌లో ఎక్కువ వాటికి ఎడాప్టర్ పిన్ను మధ్యభాగం రుణధ్రువం, బయటిభాగం ధనధ్రువం. ఇంట్లో ఉండే చాలా ఎడాప్టర్లు దీనికి తలకిందులు. నేను ఒకప్పుడు రేడియో ఎడాప్టర్ ఒకటి "9 వోల్టులే గదా" అని గుచ్చాను. పాట రాలేదు గానీ మాడువాసన వచ్చింది. పెట్టెమీద గీసి ఉండే చిన్న బొమ్మ చూడకుండా దేన్నీ గుచ్చకండి. డబ్బు మిగిలితే ఒక్కో పెట్టెకి విడివిడిగా కరెంటు ఇచ్చే సప్లై కొనండి. ఒకే తీగనుంచి అన్నిటికీ కొమ్మలు తీస్తే అంకెల పెట్టెల కీచుధ్వని పక్కవాటిలోకి పాకుతుంది.

మామూలు తీగ కూడా అమాయకమైనది కాదు. గిటారు తీగలో మధ్య రాగి, చుట్టూ వల. ఈ రెండూ కలిస్తే పొడవాటి కండెన్సరు! మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు. పికప్ తీగచుట్టతో ఇది కలిసినప్పుడు, ఒక మామూలు గిటారులో 5 మీటర్ల తీగ ఉంటే 3,800 హెర్ట్జుల దగ్గరుండే మెరుపు, 10 మీటర్లయితే 2,700కి దిగిపోతుంది. దుప్పటి కప్పినట్టుంటుంది. అందుకే పెట్టెల మధ్య జానెడు తీగలు చాలు, అవీ మీరే సోల్డరు చేసుకోవచ్చు. వరసలో మొదట "బఫర్" ఉన్న పెట్టె ఒకటి ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

చెక్క సంగతి తేలిక. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్డు. వెనకవైపు కొంచెం ఎత్తు. పెట్టెలు అతికించడానికి వెల్క్రో పట్టీ. ఉత్తరేణి గింజలు లాగుకి అంటుకోవడం చూశారా? స్విట్జర్లాండులో జార్జ్ ద మెస్ట్రాల్ అనే ఆయన తన కుక్క బొచ్చుకి అలాగే అంటుకున్న ముళ్లకాయల్ని చూసి కనిపెట్టిన పట్టీయే ఇది!

వార్షికోత్సవం రోజున షామియానా కింద స్పీకర్లు "హమ్"మని రొద పెట్టొచ్చు. అప్పుడెవరో ఒక పెద్దమనిషి వచ్చి "ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్, పోతుంది" అంటాడు. రొద నిజంగానే పోవచ్చు. కానీ పీకనివ్వకండి! మీ వేళ్లు ఉక్కుతీగల మీద ఉన్నాయి, ఆ తీగలు ఆంప్లిఫయరు రేకుడబ్బాకి కలిసి ఉన్నాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు సరిగా ఎర్త్ లేని మైకు ముట్టుకుని వేదికమీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. రొద ఉన్నా సరే వాయించండి. లేదా పెట్టెలకీ ఆంప్లిఫయరుకీ ఒకే ప్లగ్గుబోర్డు నుంచి కరెంటు తీసుకోండి, చాలాసార్లు దాంతోనే తగ్గుతుంది.

కచేరీ అయ్యాక బ్యాటరీతో నడిచే పెడల్ నుంచి గిటారు ప్లగ్గు తీసెయ్యడం మరిచిపోకండి. మీట ఆపేసినా బ్యాటరీ ఆగదు. బ్యాటరీ రుణధ్రువం తీగ వచ్చి ప్లగ్గు దూరే రంధ్రంలో ఉంటుంది. ప్లగ్గు పొడవాటి లోహపుభాగం లోపలికి పోగానే దాన్ని భూమితీగతో కలుపుతుంది. అంటే అసలు స్విచ్చి మీ ప్లగ్గే! రాత్రంతా గుచ్చి ఉంచితే పొద్దున రిహార్సల్‌కి పెట్టె పలకదు.