పాత తుపాకీ, కొత్త తూటా: సీసం లేని కార్ట్రిడ్జ్ కొనేముందు

నాతో పాటు పనిచేసిన ఒక అమెరికన్ పెద్దాయన రిటైరై ఫ్లోరిడాకి వెళ్ళిపోతూ, వాళ్ళ నాన్నగారి డబుల్ బ్యారెల్ తుపాకీ నాకు ఇచ్చి వెళ్ళారు. 1950ల చివర్లో ఎయిర్ ఫోర్స్ ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఆయన కొనుక్కున్న బర్మింగ్‌హామ్ తయారీ, 12 బోరు. మా తాతగారి దగ్గరా అచ్చం ఇలాంటిదే ఉండేది. కొల్లేటి ఒడ్డున పరజల వేటకి వెళ్ళేవారట. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అది పొలంలో కాపలాకే పరిమితమైంది. అందుకే పెద్దాయన ఇస్తానంటే కాదనలేకపోయాను.

న్యూజెర్సీ చట్ట ప్రకారం లైసెన్సున్న డీలరు ద్వారా బదిలీ చేయించుకుని, పిస్కాటవేలో మా ఇంటికి తెచ్చుకున్నాను. బార్నెగాట్ బే వైపు బాతుల వేటకి రమ్మని ఒక స్నేహితుడు పిలిచాడు. బాతులకి సీసం నిషేధమని హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో విన్నాను కదా, ఒక షాపులో 12 గేజ్ స్టీల్ తూటాల డబ్బా చవగ్గా దొరికితే కొనేశాను. వెళ్ళేముందు ఒకసారి శుభ్రం చేయిద్దామని తుపాకీనీ, డబ్బానీ గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్ళాను. అదే నన్ను కాపాడింది.

"ఈ తూటాలు దీంట్లో పెట్టకూడదు" అన్నాడాయన. "ఎందుకు? చక్కగా పడుతున్నాయిగా!" అన్నాను. ఆయన నా తూటా ఒకటి బల్ల మీద నిలబెట్టి, పక్కనే అదే రకం పేల్చేసిన ఖాళీ తూటా పెట్టాడు. ఖాళీది దాదాపు అర అంగుళం పొడుగుంది! డబ్బా మీద వేసే 2¾ అంగుళాల కొలత, తూటా పేలి మూతి మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. నా తుపాకీ చాంబర్ 2½ అంగుళాలే. పేల్చకముందు తూటా సులువుగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. పేలాక విచ్చుకున్న మూతి, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోయి దారిని ఇరుకు చేస్తుంది. ఒత్తిడి పెరిగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, కంపైల్ అయినంత మాత్రాన ప్రోగ్రాం సరైనదని కాదు. ఇక్కడ బగ్ బయటపడేది మన చేతుల్లో, ముఖానికి జానెడు దూరంలో.

సీసం ఎందుకు వద్దన్నారు?

వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. అయితే సీసం సంగతి అందరూ తెలుసుకోదగ్గదే. బాతులు గింజలు నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్ళు మింగి కందనకాయలో దాచుకుంటాయి. బురదలో పడిన సీసపు గుళ్ళని కూడా రాళ్ళనుకుని మింగుతాయి. అవి అరిగి రక్తంలో కలిసి పక్షిని చంపుతాయి. ఆ పక్షిని తిన్న గద్దకీ అదే గతి. అందుకే అమెరికాలో నీటిపక్షుల వేటకి సీసాన్ని దశలవారీగా తీసేసి, 1991 నాటికి దేశమంతటా నిషేధించారు. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకీ సీసం వాడకూడదు. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసపు గుళ్ళని ఆపేసింది. ఇంకో సంగతి: బాతుల వేటలో సీసం పేల్చడమే కాదు, ఒక్క సీసపు తూటా జేబులో ఉన్నా అది ఫెడరల్ నిబంధన తప్పినట్టే.

ముందు మన కాగితాలు

మనవాళ్ళు చాలామంది హెచ్-1బి మీద ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, ఇందులో పొరపాటు జరిగితే పోయేది జరిమానాతో కాదు. తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి కారణం కావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఆ ప్రమాదం ఉంది. ముందు లాయరుని అడగండి, తర్వాతే సరదా.

తుపాకీని నాలుగు ప్రశ్నలు అడగండి

1. చాంబర్ పొడవు ఎంత? పాత ఇంగ్లీషు 12 బోరు తుపాకులు చాలావాటికి 2½ అంగుళాలు. పాత అమెరికన్ 16 గేజ్ తుపాకుల్లో 2 9/16 అంగుళాలవి కనిపిస్తాయి. కంటితో చూసి చెప్పలేం, గేజ్‌తో కొలిపించాలి.

2. ప్రూఫ్ ముద్రలు ఏం చెబుతున్నాయి? ఇంగ్లండ్‌లో ప్రతి తుపాకీనీ ప్రభుత్వం గుర్తించిన ప్రూఫ్ హౌస్‌లో అదనపు ఒత్తిడితో పరీక్షించి గొట్టాల మీద ముద్ర వేస్తారు. నాదాని మీద 2½, 3 టన్నులు అని ఉంది. అమెరికాలో 2¾ అంగుళాల 12 గేజ్ తూటాకి గరిష్ఠ ఒత్తిడి 11,500 పి.ఎస్.ఐ. ఈ రెండూ వేర్వేరు పద్ధతుల్లో కొలిచిన అంకెలు. నేను చేసినట్టు కాలిక్యులేటర్ తీసి టన్నుల్ని పౌండ్లలోకి మార్చి పోల్చకండి. అమెరికాలో ప్రూఫ్ చట్టం లేదు కాబట్టి ఇక్కడి పాత తుపాకుల మీద ఇలాంటి ముద్రలు ఉండకపోవచ్చు.

3. చోక్ ఎంత బిగువు? గొట్టం చివర సన్నబడే భాగమే చోక్. సీసం మెత్తన కాబట్టి అక్కడ నలిగి జారిపోతుంది. ఉక్కు నలగదు. పాత ఫుల్ చోక్ గొట్టంలోంచి పోతే చివర ఉంగరంలా ఉబ్బు రావచ్చు.

4. గొట్టాల ఆరోగ్యం ఎలా ఉంది? గుంటలు, సొట్టలు, పల్చబడిన చోట్లు చూడాలి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలైతే మామూలు షాపు తూటాలు అసలే వద్దు. అనుమానం ఉంటే గోడకి తగిలించుకోండి. అందంగానే ఉంటుంది.

ఏ లోహం?

స్టీల్: చవక. సాంద్రత 7.8, సీసానిది 11.3. తేలిక కాబట్టి దెబ్బ తొందరగా తగ్గుతుంది. సీసంలో 6 నంబరు వాడేవాళ్ళు స్టీల్‌లో 4 నంబరు తీసుకోవాలి. చాంబర్ సరిపోయి, గొట్టాలు బాగుండి, చోక్ మాడిఫైడ్‌కి మించకపోతే, గన్‌స్మిత్ సరేనన్నాకే మామూలు స్టీల్ తూటాలు వాడాలి. హై పెర్ఫార్మెన్స్ స్టీల్‌కి మాత్రం ప్రత్యేక ప్రూఫ్ ఉండాలి. యూరప్‌లో దానికి లిల్లీ పువ్వు గుర్తు వేస్తారు.

బిస్మత్: కొంచెం తగరం కలిపి చేస్తారు. సాంద్రత 9.6 దాకా. ఉక్కు కన్నా మెత్తన, అందుకే పాత చోక్‌లతో పేచీ తక్కువ. సీసం కన్నా ఒక సైజు పెద్దది తీసుకుంటే చాలు. ధర స్టీల్‌కి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు.

టంగ్‌స్టన్: ఇది రెండు రకాలు. పాలిమర్‌తో కలిపినది సీసానికి దగ్గరగా, మెత్తగా ఉంటుంది, ఖరీదెక్కువ. 18 సాంద్రత ఉండే సూపర్ షాట్ ఉక్కు కన్నా గట్టిది. పాత తుపాకీకి వద్దు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. బిస్మత్ మెత్తన కదా అని 2¾ అంగుళాల బిస్మత్ తూటా కొంటే సమస్య మళ్ళీ మొదటికే వస్తుంది. లోహం చోక్‌ని కాపాడుతుంది గానీ చాంబర్‌ని కాదు. పొడవు, ఒత్తిడి, లోహం మూడూ కుదరాలి. చాంబర్ పొడిగిస్తే పోలేదా అని నేనూ అడిగాను. "అక్కడ గోడ పల్చబడుతుంది, మళ్ళీ ప్రూఫ్ చేయించాలి" అని ఆయన ఒప్పుకోలేదు.

చివరికి నేనేం చేశాను

స్టీల్ డబ్బా స్నేహితుడికి ఇచ్చేశాను. అతనిది కొత్త తుపాకీ. నాకోసం 2½ అంగుళాల, తక్కువ ఒత్తిడి బిస్మత్ తూటాలు తెప్పించుకున్నాను. ముందు రేంజ్‌లో కాగితం మీద పేల్చి గుళ్ళు ఎలా పరుచుకుంటున్నాయో చూసుకున్నాను. 35 గజాలు దాటితే ట్రిగ్గర్ నొక్కకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ ఉదయం నాకు దక్కింది ఒక్క బాతు. ఒక్కో తూటా ఖరీదు చూసి మా ఆవిడ, "ఇంతకంటే ఓక్ ట్రీ రోడ్డులో బిర్యానీ తినొచ్చుగా" అంది. నిజమే.

కానీ గన్‌స్మిత్ ఆ రెండు తూటాల్నీ పక్కపక్కన నిలబెట్టిన దృశ్యం నాకు ఇంకా కళ్ళముందే ఉంది. ఊళ్ళో మీ తాతగారిదో మామయ్యదో లైసెన్సున్న పాత తుపాకీ బీరువాలో ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు చాంబర్ పొడవు ఎంతో కొలిపించారా అని అడగండి. తూటా పట్టిందా అని మాత్రం అడగకండి. అది ఎలాగూ పడుతుంది.